కప్ప కాలిలో ఏరు

రేపటి ప్రాక్టికల్ పరీక్ష కోసం కాలేజీ మైక్రోస్కోపును తుడియలూరులోని మా ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం మిల్లు సైరన్ మోగే వేళకు ఒక కప్పను చెక్క పలకకు కట్టి మైక్రోస్కోపు కింద పెట్టి, కాలివేళ్ళ మధ్య పొర మీద పెప్టైడ్ హార్మోను చుక్క వేశాను. రక్తనాళాలు ముడుచుకుని రక్తం నిలిచిపోయింది. ఎక్కువ వేసి దాని ప్రాణం తీశానేమోనని సీసా మీది మోతాదు మళ్ళీ చదివాను.

ఇంతలో మా అవ్వ వచ్చి చెంబెడు నీళ్ళు దాని మీద పోసింది.

"ఏందవ్వా ఇది?"

"కప్పతల్లిని కట్టిపెట్టి నీళ్ళు పొయ్యకుంటే వాన ఎట్ల వస్తాది కన్నూ?"

హార్మోను కొట్టుకుపోయి రక్తం మళ్ళీ పారింది. అవ్వకు చూపిస్తే, "అడడే, ఏరు పారతా ఉండాదే!" అంది.

కప్పను బావి దగ్గర వదిలేసి అవ్వకు దండం పెట్టాను. వాన జాడ మాత్రం లేదు. మీ వైపు చినుకు పడితే చెప్పండి, అవ్వ అడుగుతోంది.