రెండు పార్టీల గుర్రాలకూ ఒకే దురద

ప్రొద్దుటూరులో జట్కాలు బాగా తిరిగే రోజుల్లో గుర్రం చర్మానికి ఏ జబ్బు చేసినా అందరూ గుల్జార్‌బీ ఇంటికే తోలుకొచ్చేవారు. మొగుడు జట్కా తోలేవాడు. ఆయన పోయాక బండి అమ్మేసింది గానీ గుర్రాలను వదిలి ఉండలేకపోయింది. పట్టీ ఒరుసుకుని పుండు పడితే నూనెలో కాచిన పసుపు, ఈగలు వాలి రసి కారితే వేపాకు నీళ్ళు, గజ్జికి కానుగ నూనె. మందు రాస్తూ గుర్రంతో మాట్లాడేది, మనుషులతో కన్నా మర్యాదగా. కొడుకు ఖలందర్ నాడాలు కొట్టేవాడు.

మండలాలు కొత్తగా వచ్చి ఎన్నికలు జరిగిన ఏడు, ఒక పొద్దున ఆమె వాకిట్లో జీపు ఆగింది. జమ్మలమడుగు పక్క ఊళ్ళో ఒక పార్టీ పెద్దకు కుడిభుజమైన మనోహర్ దిగాడు. వెనకాల లారీలోంచి ఊరేగింపుల తెల్లగుర్రాన్ని దింపారు. దాని వీపంతా గుండ్రంగా వెంట్రుకలూడిన మచ్చలు.

“నీ కొడుకు యాడ?”

“ఏంది నాయనా, గుర్రాన్ని తెచ్చి కొడుకునడుగుతాండావు?”

“పోయిన వారం వచ్చి నాడాలు కొట్టిపోయినాడు. ఇప్పుడు దీని గతి చూడవ్వా. ఎదుటి పార్టీవోళ్ళు వాని చేత దురదగొండి పూయించినారు. నిజం చెప్తే వాని చేతులన్నా మిగుల్తాయి.”

ఖలందర్ లోపలే ఉన్నాడు. గుల్జార్‌బీ అటు చూడలేదు. గుర్రం చెవి వెనక గోకి, “ఏమ్మా, శానా దురదపెడతాందా?” అంటూ వీపంతా తడిమింది.

“దురదగొండి పూస్తే ఆ గడియకే కిందపడి పొర్లుతాది నాయనా. ఇది తామర. పొట్టు రాల్తాంది చూడు. నాడా కొట్టేటోడు కాళ్ళు పట్టుకుంటాడు గానీ వీపెక్కుతాడా? మచ్చలన్నీ గుడ్డ పరిచే చోటే ఉండాయి. ఆ గుడ్డ యాడిది?”

“శేషయ్య అంగడిది. ఊరేగింపుకు బాడిగకు తెచ్చినాం.”

శేషయ్యకు కబురంపారు. వస్తూ వస్తూ జీపును చూసి ఆయన నడక తగ్గించాడు.

“శెట్టీ, ఆ జరీ మఖ్మల్ గుడ్డ వీళ్ళకంటే ముందు ఎవరికిచ్చినావు?” అంది గుల్జార్‌బీ.

“యాడ గుర్తుంటాదిమ్మా…”

“నా కొడుకు ప్రాణం మీదికొచ్చింది. చెప్పప్పా.”

శేషయ్య మనోహర్‌కు కాస్త దూరంగా జరిగాడు. “ఎదుటి పార్టీకి. ముందురోజు వాళ్ళ ఊరేగింపు గదా. మాపటికి తెచ్చిచ్చినారు, తెల్లారే మీరు తీసకపోతిరి. ఉతికేదెప్పుడు?”

“వాళ్ళ గుర్రం గుడ్డ మా గుర్రానికిచ్చినావా!” అని లేచాడు మనోహర్.

“ఇంకోటి చూపిస్తే రెండో రకం అని నా మొగాన కొట్టలేదా నువ్వు? వాళ్ళూ అంతే. ఇప్పుడు వాళ్ళ గుర్రమూ గోడకు రుద్దుకుంటాంది. మీ మనుషులే నా గుడ్డకు దురదగొండి పూసినారని నిన్న నన్ను నిలదీసినారు.”

జీపులో ఒకడికి నవ్వాగలేదు. మనోహర్ వాడి మీద కేకలేయబోయి తానూ నవ్వేశాడు.

గుల్జార్‌బీ నవ్వలేదు. వేపాకూ పసుపూ కాచి చల్లార్చిన నీళ్ళతో కడగాలని, ఎండలో బాగా ఆరాక కానుగ నూనె రాయాలని, దీన్ని రుద్దే బురుసు ఇంకో గుర్రాన్ని తాకకూడదని చెప్పింది. గుడ్డను ఉడకబెట్టమని శేషయ్యను పంపేసింది.

“వాళ్ళదానికంటే మాది ముందు మానాలవ్వా.”

“ముందు నా కొడుక్కి ధైర్యం చెప్పు.”

మనోహర్ గడప దగ్గరికి పోయి పిలిచాడు. “ఖలందరూ, బయటికి రాప్పా. ఏమీ లేదు.”

లోపల ఎవరూ లేరు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

“జీపు పంపిస్తా. వెతుక్కొస్తారు.”

“జీపును చూస్తే వాడు పులివెందుల దాటిపోతాడు. నువ్వే నడిచిపో.”

ఎదుటి పార్టీని గడగడలాడించే మనోహర్ పంచె ఎగగట్టి, “ఖలందరూ, నేనేమీ అనను రాప్పా” అని అరుచుకుంటూ ఒంటరిగా సందుల్లో పడ్డాడు. గుల్జార్‌బీ వేపాకు నీళ్ళకు పొయ్యి ముట్టించింది.