బెల్టు సంక కింద పెట్టుకున్నందుకు

నేను అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ మనిషిని. స్టీరింగు ముందు కూర్చుంటే ఎదురొచ్చే లారీవాళ్లకు నా క్రాపు తప్ప ఇంకేమీ కనబడదు. ఒకసారి కట్టంగూర్ దగ్గర పోలీసాయన బండి ఆపి, లోపలికి తొంగిచూసి, "డ్రైవరేడి?" అని నన్నే అడిగాడు. "గిప్పుడే దిగి పోయిండు సార్, నేను స్టీరింగుకు కాపలా" అన్నాను. ఇంత చిన్న ఒంట్లో ఎంత పెద్ద భయం పడుతుందో నాకు అప్పటికి తెలియదు. తెలిసిన రోజు గురించే ఇది రాస్తున్నాను.

ఆ పొద్దున చొక్కా తొడుక్కుంటుంటే కుడి భుజం కొనన ఎవరో వేలుపెట్టి పొడిచినట్టు నొప్పి లేచింది. చెయ్యి ఎత్తాను, తిప్పాను. నొప్పి పెరగలేదు, తగ్గలేదు. నొక్కి చూస్తే ఆ చోట ఏమీ లేదు. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు మాత్రం మళ్లీ పొడిచింది. భుజానికీ ఊపిరికీ ఏం సంబంధమో అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని చూసి నవ్వడం నాకు అలవాటు. "భుజానికి దమ్ము రోగమొచ్చినట్టుంది" అన్నాను. నా భార్య అండాలు నవ్వలేదు. "మూడు రోజుల కింద బండి గుద్దినవు. నవ్వులాటలు బంజేసి దవాఖానకు పో" అంది.

గుద్దిన సంగతి చెప్పాలి. అది తొంభైలలో సగం దాటిన కాలం. కొత్త కార్లకు ముందు సీట్లలో బెల్టులు వస్తున్న రోజులు. మా దిక్కు బెల్టు పెట్టుకున్నవాణ్ణి చూస్తే ఊరేగింపులో పెళ్లికొడుకును చూసినట్టు నవ్వేవాళ్లు. ఆరో తరగతిలో బడి మానేసి లారీ క్లీనరుగా మొదలుపెట్టిన నేను, అప్పటికి దేవరకొండలో విత్తనాల దుకాణం నడిపే కరీం సేటు దగ్గర కారు డ్రైవర్ని. సేటు పన్నెండేళ్లు సౌదీలో పనిచేసి వచ్చినవాడు. కొత్త కారు కొన్న రోజే నాకు రెండు షరతులు పెట్టాడు. మొదటిది, బెల్టు లేకుండా బండి కదలొద్దు. రెండోది, కంపెనీ వేసి పంపిన ప్లాస్టిక్ కవర్లు ఎక్కడా చింపొద్దు.

"కవర్లు తీస్తే బండి పాతదైపోయినట్టే యాదయ్యా. ఏడాది దాక చెయ్యి పెట్టకు" అన్నాడు.

సీట్లకు కవర్లు, తలుపులకు కవర్లు. ఎండకాలం ఆ సీట్ల మీద కూర్చుంటే వీపు ఉడికిపోయేది. డ్రైవరు కుడి భుజం వెనక, రెండు తలుపుల మధ్య నిలువు కమ్మీ ఉంటుంది. బెల్టు పై కొసను పట్టుకునే రింగు దానికే బిగించి ఉంటుంది. ఆ రింగు చుట్టూ కూడా కవరు, దాని మీద టేపు. రింగు నా చెవి కంటే పైన ఉండేది. అక్కడినుంచి దిగే బెల్టు భుజం మీద పడకుండా నేరుగా మెడను రాసుకుంటూ పోయేది. దేవరకొండ నుంచి నల్లగొండ పోయేసరికి మెడంతా ఎర్రటి వాత. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు బెల్టును కుడి చెయ్యి కిందినుంచి, సంక కిందినుంచి లాగి పెట్టుకున్నాను. హాయిగా ఉంది. వెనక కూర్చున్న సేటుకు బెల్టు పెట్టుకున్నట్టే కనబడింది. ఆయన మాట దక్కింది, నా మెడ దక్కింది అనుకున్నాను.

అట్లా నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం సేటును నల్లగొండలో దించి ఒక్కణ్ణే తిరిగి వస్తుంటే బర్రెలు అడ్డమొచ్చాయి. వాటిని తప్పించబోయి రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీని గుద్దాను. బెల్టు నన్ను పట్టుకుంది. తల అద్దానికి తగల్లేదు. దిగి చూస్తే బానెట్టు నలిగింది, నాకు రక్తం చుక్క లేదు. పక్కటెముకల దగ్గర కొంచెం పట్టేసినట్టుంది, అంతే. హోటల్లో చాయ్ తాగి, అక్కడున్నవాళ్లకు బర్రెల నడక చేసి చూపించి నవ్వించాను కూడా.

మళ్లీ భుజం దగ్గరికి వస్తాను. దవాఖానకు నా వెంట సేటు కూడా వచ్చాడు. దేవరకొండ డాక్టరు భుజం తిప్పి చూశాడు.

"బెల్టు పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న సార్."

"ఎక్కడినుంచి పోయింది బెల్టు?"

సేటు నా పక్కనే నిలబడి ఉన్నాడు. "బెల్టే నిన్ను బతికించింది, చూసినవా?" అని మూడు రోజులుగా అందరికీ చెప్పుకుంటున్నాడు. సంక కింద పెట్టుకున్నానంటే నాలుగు నెలలు ఆయన్ని మోసం చేశానని ఒప్పుకోవాలి. బండి నలగ్గొట్టినవాణ్ణి, పైగా మాట తప్పినవాణ్ణి. ఉద్యోగం పోతుందనిపించింది.

"ఇగో, గీ భుజం మీదికెల్లి సార్" అని చూపించాను.

డాక్టరు తల ఊపాడు. "అందుకే నొప్పి. బెల్టు గుంజిన దెబ్బ." భుజానికి ఎక్స్‌రే తీయించాడు. ఎముక బాగుందన్నాడు. మాత్రలు రాసి, వారం రోజులు చెయ్యి ఎత్తొద్దన్నాడు. నేను చెప్పిన జవాబుకు ఆయన ఇచ్చిన మందు సరైనదే. నా జవాబే తప్పు.

మాత్రలు వేసుకున్నా భుజం నొప్పి పోలేదు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువయ్యేది, లేచి కూర్చుంటే తగ్గేది. అన్నం రెండు ముద్దలకే కడుపు నిండినట్టయ్యేది. మనసులో ఒకటే లెక్క: ఎముక బాగుంటే నొప్పి ఎక్కడిది? కేన్సరేమో. పక్షవాతం ఇట్లాగే మొదలవుతుందేమో. ఈ చెయ్యి పడిపోతే స్టీరింగు ఏ చేత్తో తిప్పాలి? భయమైన కొద్దీ జోకులు ఎక్కువ వేశాను. ఇంటికి చూడవచ్చినవాళ్లు నవ్వుకుంటూ పోయేవాళ్లు. వాళ్లు పోయాక గోడకు ఆనుకుని చిన్న చిన్నగా ఊపిరి తీసుకునేవాణ్ణి.

మాత్రలు మొదలుపెట్టిన అయిదో రోజు అండాలు నువ్వులనూనె రాద్దామని చొక్కా విప్పించింది. నేను చెయ్యి పైకెత్తగానే ఆమె ఆగిపోయింది.

"గిదేందయ్యా?"

సంక కిందినుంచి పొట్ట దాకా అడ్డంగా నీలం పట్టీ. బెల్టు ఎంత వెడల్పో అంత వెడల్పు. ఇన్నాళ్లూ దాన్ని ఆమె కంట పడకుండా చూసుకున్నాను.

"బెల్టు భుజం మీదుంటే మరక గిక్కడెందుకొచ్చింది? నాకన్న నిజం చెప్పు."

చెప్పాను. చెప్పి, సేటుకు చెప్పొద్దని నా మీద ఒట్టు వేయించుకున్నాను. "నీకు సేటు భయమే గని సావు భయం లేదా?" అంది. "కమిలిన మరకకు ఎవడన్న సస్తడా?" అన్నాను.

మర్నాడు పొద్దున ముఖం కడుక్కోవడానికి వంగి లేచాను. కళ్లముందు చీకటి. ఒళ్లంతా చల్లటి చెమట. చెంబు చేతిలోంచి జారిన చప్పుడు వినబడింది, నేను పడిన చప్పుడు నాకు వినబడలేదు. మెలకువ వచ్చేసరికి కిరాయి జీపులో అండాలు ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాను. సేటే నడుపుతున్నాడు, ఆఖరి ఘడియలో వాళ్లు చదివే కలిమా చదువుతున్నట్టు ఆయన పెదవులు కదులుతున్నాయి. "కలిమా చదువుతున్నవా సేటూ, నాకు రాదు గదా" అందామనుకున్నాను. నోరు పెగల్లేదు. జోకు వేయలేకపోవడంతో నిజంగా చచ్చిపోతున్నానని అర్థమైంది.

నల్లగొండ దవాఖానలో నర్సు "బీపీ ఎనభై సార్" అని అరిచింది. డాక్టరమ్మ అదే ప్రశ్న వేసింది: బెల్టు ఎక్కడినుంచి పోయింది? సేటు "భుజం మీదికెల్లి మేడం" అన్నాడు పాపం, నమ్మకంగా. నేను కళ్లు మూసుకున్నాను.

"కాదమ్మా" అంది అండాలు. "సంక కింద పెట్టుకున్నడు. నాలుగు నెలలసంది గట్లనే పెడుతున్నడు. సేటుకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. ఒట్టు తప్పితే ఏమైతదో ఆ పాపం నాకే కానీ."

డాక్టరమ్మ వెంటనే నా చొక్కా పైకి తోసి, పొట్ట కుడివైపు నొక్కింది. నేను కేకపెట్టాను. అల్ట్రాసౌండ్ తీయించింది. "లివర్‌కు దెబ్బ తగిలి లోపల హెమటోమా, అంటే రక్తం గడ్డ, అయింది. ఇన్ని రోజులు పొర కింద ఆగి ఉన్న రక్తం ఇప్పుడు పొరను చించుకుని పొట్టలోకి వచ్చింది. ఇంటర్నల్ బ్లీడింగ్. రెండు రిబ్స్ కూడా విరిగాయి" అంది.

లివరంటే కార్జం. మటన్ దుకాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క అదే.

"మరి నొప్పి భుజంలో ఎందుకున్నది మేడం?" అని సేటు అడిగాడు.

"లివర్ పైన డయాఫ్రం, ఊపిరి ఆడించే కండరం, ఉంటుంది. లివర్ దగ్గరి రక్తం దాన్ని ఒత్తినా, తగిలినా నొప్పి భుజంలో తెలుస్తుంది. రెఫర్డ్ పెయిన్ అంటాం. భుజానికి అసలు దెబ్బే లేదు."

ఒక చేతికి సెలైను, ఒక చేతికి రక్తం పెట్టి హైదరాబాద్ పంపారు. దారిపొడుగునా అండాలు రక్తం సీసా పైకెత్తి పట్టుకునే ఉంది. సేటు నావైపు వీపు పెట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ వీపు చూసి నాకు కడుపులో రక్తం కంటే ఎక్కువ భయమేసింది.

ఆపరేషన్ అయింది. మా అడ్డా డ్రైవర్లు వచ్చి రక్తమిచ్చారు. ఐసీయూలో మూడు రోజులున్నాను. సర్జన్ పెద్ద మనిషి, తక్కువ మాట్లాడేవాడు. "బ్లీడింగ్ ఆగింది. పది రోజులు దాటితే ధైర్యంగా చెప్తాను" అన్నాడు. ఆ పది రోజులు నేను గోడ మీది కేలండరునే చూశాను. తొమ్మిదో రోజు దాకా బాగానే ఉంది. పదో రోజు చలి మొదలైంది. మంచం గడగడా కొట్టుకునేంత చలి, తర్వాత నిప్పులాంటి జ్వరం. మళ్లీ అల్ట్రాసౌండ్. లివర్ పైన చీము చేరిందన్నారు. పక్కటెముకల సందునుంచి రబ్బరు గొట్టం దూర్చారు. దాన్ని డ్రెయిన్ అంటారు. పొద్దునా సాయంత్రం నర్సు వచ్చి సంచిలో ఎంత దిగిందో కొలిచి రాసుకుని పోయేది. ఆ సంఖ్య తగ్గిందంటే అన్నం తినేవాణ్ణి, పెరిగిందంటే గోడవైపు తిరిగేవాణ్ణి.

అప్పుడొచ్చాడు సేటు, బండి రిపేరయిన మర్నాడు. స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. తిట్టబోతున్నాడనుకుని నేనే మొదలుపెట్టాను: "తప్పయింది సేటూ, మోసం చేసిన."

"ఆగు యాదయ్యా. మెకానిక్కు లోపలి కవర్లన్ని పీకేసిండు. బెల్టు రింగు కాడ ఒక బటన్ ఉన్నది. నొక్కితే రింగు కిందికి జారుతది, మీదికి జారుతది. నాలుగు మెట్లున్నయి. పొట్టోళ్లకు కింది మెట్టు, పొడుగోళ్లకు మీది మెట్టు. బండితోని వచ్చిన పుస్తకంల బొమ్మ గూడ ఉన్నదంట." జారిన నా దుప్పటిని పైకి లాగి కప్పాడు. "ఆ బటన్ మీద కవరు తియ్యొద్దన్నది నేనే గద."

"మరి నేను మెడ కోసుకుపోతున్నదని నీకొక్కసారి చెప్పిననా?" అన్నాను. ఇద్దరి తప్పూ సమానమే అనుకుంటే కొంత తేలికైంది. నా ఉద్యోగం ఉందో లేదో అడిగే ధైర్యం మాత్రం రాలేదు. పోతూ పోతూ ఆయనే అన్నాడు: "కింది మెట్టు మీద పెట్టించి ఉంచిన. జల్ది రా."

పదహారు రోజులకు డ్రెయిన్ తీశారు. మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నారు, కుదుపులకు పోవద్దన్నారు. ఇంట్లో కూర్చుని ఏ చిన్న వేడికైనా థర్మామీటరు పెట్టుకునేవాణ్ణి. అండాలు దాన్ని బియ్యం డబ్బాలో దాచేసింది. నాలుగో నెల మళ్లీ స్టీరింగు పట్టుకున్నాను. ట్రాక్టరు ట్రాలీ కనబడితే ఇప్పటికీ కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అయినా నడుపుతున్నాను. బెల్టు మెడకు తగలకుండా, భుజం జారకుండా, మెడ కింద అడ్డంగా ఉండే ఎముక నడుమనుంచి పోతుంది. నాతో ఎవరు ముందు సీట్లో కూర్చున్నా వాళ్ల ఎత్తు చూసి రింగు సరిచేశాకే బండి తీస్తాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బెల్టు మెడ కోస్తుంటే రింగు దగ్గర బటన్ ఉందేమో వెతకండి, లేకపోతే మెకానిక్కును అడగండి, సంక కింద మాత్రం పెట్టుకోకండి. ఒకవేళ పెట్టుకుని గుద్దుకుంటే, డాక్టరు అడిగినప్పుడు పక్కన ఎవరున్నా సరే, ఎక్కడ పెట్టుకున్నారో అక్కడే చెయ్యి పెట్టి చూపించండి.

ఏడాది తర్వాత అండాలును వెంటబెట్టుకుని ఆఖరి చెకప్‌కు పోయినప్పుడు ఈ ముక్కే సర్జన్‌తో గొప్పగా చెప్పాను. "నేనిప్పుడు ఊరూరా గిదే చెప్తున్న సార్, డాక్టరుకు అబద్ధం చెప్పొద్దని. గిట్ల అందరికీ చెప్పినంక నా నోట అబద్ధం వస్తదా?"

ఆయన అల్ట్రాసౌండ్ కాగితం చూసి, లివర్ పూర్తిగా మానిందన్నాడు. కలం తీసి, "జ్వరం గానీ, నొప్పి గానీ ఏమన్న ఉన్నయా?" అని అడిగాడు.

"ఏం లేవు సార్" అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే, "నిన్నెవరడిగిండ్రు యాదయ్యా? నేను అండాలమ్మను అడుగుతున్న" అన్నాడు.