మానుకోట పట్టాల మీద బాపు డీజిల్ ఇంజన్

మా చిన్నప్పుడు... మానుకోటలో రైలు పట్టాల పక్కనే మా ఇల్లు. డీజిల్ ఇంజన్ వస్తుంటే ముందు వంటింట్లో గిన్నెలు గలగలమనేవి, తర్వాతే కూత వినిపించేది. బాపు, అంటే మా నాన్న, గూడ్సు బండ్ల డ్రైవర్. లైను మీద కరెంటు తీగలొచ్చి ఏళ్లయినా, ఆయన చేతికి మాత్రం ఎప్పుడూ ఆ పాత డీజిలే వచ్చేది.

డబ్ల్యూడీఎం-2 అంటారు దాన్ని. అమెరికా వాళ్ల నమూనా... తర్వాత మన దేశంలోనే తయారైంది. ఆ ఇంజన్ తిరగని లైను దేశంలో దాదాపు లేదని బాపు గొప్పగా చెప్పేవాడు. మెయిలుకూ అదే, పాసింజరుకూ అదే, బొగ్గుకూ అదే. బయలుదేరేటప్పుడు నల్లటి పొగ గుప్పున వదిలేది. నిలబడ్డా ఊరుకునేది కాదు... గుడుగుడు, గుడుగుడు అని ఒకటే వణుకు. దానికీ నాకూ కుదురు లేదని అమ్మ తిట్టేది.

దానితో ఒక చిక్కుండేది. బ్యాటరీలు ముసలివైపోయాయి. ఒకసారి ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న నమ్మకం లేదు. అందుకే సిగ్నల్ దగ్గర ఎంతసేపు పడిగాపులు కాసినా డ్రైవర్లు ఇంజన్ ఆపేవాళ్లు కాదు.

"ఆపినమా... ఇంకో ఇంజన్ వచ్చి గుంజుకపోవాల్సిందే. ఇగ మన నౌకరి పరేషాన్ల పడ్డట్టే" అనేవాడు బాపు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. బడి బంద్. ఇంట్లో కాలు నిలిచేది కాదు నాకు... ఏ వీధిలో డప్పు మోగినా పరుగే. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, సమ్మెలో ఉండి మా ఇంట్లోనే మకాం వేశాడు. బాపు కనబడితే చాలు, గిల్లేవాడు.

"మేమేమో సమ్మెల ఉంటిమి. నువ్వేమో బండి నడుపవడ్తివి. గిదేం న్యాయం బావా?"

"నాది సెంట్రల్ నౌకరిరా. మీ బావి మొత్తం బందయింది, నీకేం. నేనొక్కన్ని దిగితే ఇంటికి పంపుతరు."

నవ్వుతూనే అనేవాడు. కానీ ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

రైల్ రోకో రోజు పట్టాల మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదో పట్టాల మీదో పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినడం... మా దగ్గర నిరసన అంటే అది కూడా. మా వాడ ఆడవాళ్లు బియ్యం, టమాటాలు, గిన్నెలు మోసుకొచ్చారు. పట్టాల మధ్య కంకర రాళ్లే పొయ్యి రాళ్లు. అమ్మ నన్నూ తీసుకెళ్లింది. బాపు ముందురోజే డ్యూటీకి పోయాడు, ఏ లైను మీదున్నాడో తెలియదు. బండ్లన్నీ ఆపేశారులే అనుకున్నాం.

అన్నం ఉడుకుతుండగా వినబడింది... గుడుగుడు, గుడుగుడు.

బొగ్గు బండి. మలుపు తిరిగి మెల్లగా వచ్చి మాకు కాస్త దూరంలో ఆగింది. కిటికీలోంచి తల బయటపెట్టింది బాపే. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అమ్మా, బాపు! లే, పోదాం!"

"కూసో. అందరి పిల్లలు కూసున్నరు."

ఒక పోలీసు పెద్దసారు ఇంజన్ కిందికి వచ్చి, ఆ మోతలో వినబడేలా గొంతు చించుకుని అరిచాడు. "హారన్ కొడుతూ మెల్లగా కదిలించవయ్యా! బండి కదిలితే వాళ్లే లేస్తారు!"

బాపు కూత కొట్టాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ కొట్టాడు. అమ్మ నన్ను ఒడిలోకి లాక్కుంది. నాకు బాపంటే భయమేసింది... జీవితంలో ఆ ఒక్కసారే. ఆయన చేతిలోని పిడి ఒక్క మెట్టు జరిగితే చాలు, ఆ ఇనుప కొండ మా మీదికి వస్తుంది. "కదిలించు!" అని పెద్దసారు మళ్లీ అరిచాడు.

అప్పుడు గుడుగుడు ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం మా మానుకోట స్టేషన్లో నేనెప్పుడూ వినలేదు. అన్నం కుతకుతలాడడం కూడా వినబడింది. బాపు ఇంజన్ బంద్ చేశాడు!

మాతోపాటే వచ్చిన మామ ఈల వేసి ఉరికాడు. జనం బాపును దింపి భుజాలకెత్తుకోబోయారు.

"నన్ను ముట్టకుర్రి! ముందుగాల ఆ పొయ్యిలార్పుర్రి, డీజిల్ బండి ఇది!" అని కసిరాడాయన.

పెద్దసారు స్టార్ట్ చెయ్యమన్నాడు. బాపు ప్రయత్నించాడు. ఇంజన్ ఒకసారి మూలిగి ఊరుకుంది.

"బ్యాటరీ లేదు సార్. ఇగ లేవది."

"మరి తెలిసీ ఎందుకు ఆపావు?"

సాయంత్రం ఇంకో ఇంజన్ వచ్చేదాకా ఆ బండి అక్కడే ఉంది. మేము మాత్రం వండింది తిని ఇళ్లకు పోయాం.

తర్వాత విచారణ జరిగింది. బాపును లైను మీది నుంచి తీసి షెడ్డు పనిలో వేశారు. మళ్లీ బండి నడపలేదు. ఊళ్లు తిరిగిన మనిషి, ఒక్కచోట కూర్చోవడం ఆయన వల్ల అయ్యేది కాదు... రాత్రి పక్క మీద కూడా అటూ ఇటూ పొర్లేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు వాడంతా గులాల్ చల్లుకుంది. మా బావ తెలంగాణ కోసం బండి ఆపిండని మామ అందరికీ చెప్పాడు. బాపు అందరికంటే వెనక నిలబడ్డాడు.

ఆ డీజిళ్లు ఇప్పుడు తుక్కుకు పోయాయి. కరెంటు ఇంజన్లు మెత్తగా వెళ్లిపోతున్నాయి, ఏ వంటింట్లోనూ ఒక్క గిన్నె కదలదు. మొన్న ఉండబట్టలేక అడిగేశాను... "బాపూ, ఆనాడు ఇంజన్ తెలంగాణ కోసం ఆపినవా? మా కోసమా?"

బాపు పట్టాల వైపు తల తిప్పాడు.

"బండి కదిలితే అందరు లేస్తరేమో గని... మీ అమ్మ లేవదని నాకెరుక బిడ్డా."

ఆ రోజుల్లో మీ ఇళ్లలోనూ పట్టాల మీద ఒకరు, బండిలో ఒకరు ఉండే ఉంటారు... కింద రాయండి, బాపుకు చదివి వినిపిస్తాను.