జీడితోటలో ఎవరూ చూడని ఎలుగు

మా జీడితోట మధ్యలోంచి సముద్రం ఒడ్డు పల్లెకు కాలిదారి ఉంది. తోట మాది, దారి అందరిదీ. చేపల గంపలెత్తుకున్న ఆడవాళ్లు పొద్దున్నే ఆ దారిన వచ్చి రోడ్డు మీద కాశీబుగ్గ ఆటో పట్టుకుంటారు. పోయిన ఎండాకాలం వాళ్లలో ఒకామె మా తోటలో పడి చీలమండ విరగ్గొట్టుకుంది.

ఎలుగుబంటి తరిమిందని ఆమె భర్త చెప్పాడు. పొద్దెక్కేసరికి ఊరంతా అదే మాట. నాకు నమ్మకం కలగలేదు. పండు కాలంలో ఎలుగులు తోటల్లోకి రావడం మాకు కొత్త కాదు. అయితే ఎలుగు తరిమితే గంప ఒకచోట, మనిషి ఒకచోట పడాలి. ఇక్కడ రెండూ ఒకచోటే పడ్డాయి. మా వైపు జీడిపిక్క తిప్పుకొని పండు పారేస్తారు. చెట్టు కింద పారేస్తే మర్నాడు రాలే పిక్కలు కనబడవని కూలీలు పళ్లను దారి మీదికి విసురుతారు. నేనూ వద్దనలేదు. కుళ్లిన ఆ పళ్ల మధ్య మడమ జారిన గీత పొడుగ్గా ఉంది. ఆ పూట డైరీలో ఆమె పడిందని రాశాను, ఎందుకు పడిందో రాయలేదు.

పక్క తోట మా బావమరిదిది. దారి దానిలోంచీ పోతుంది. వచ్చి చూసి, ఆ గీత మీదికి చెప్పుతో మట్టి తోశాడు.

"ఏటి సేత్తన్నావు?"

"ఎలుగయితే పారెస్టోళ్లు డబ్బులిత్తారు. పండయితే నువ్వివ్వాల. ఏది కావాలో సూసుకో బావా."

"ఎలుగుని ఎవరు సూసినారు?"

"ఎవులూ సూడ్లేదు. అదే మంచిది. సూసినోడుంటే ఎంతుంది, ఎటెల్లింది అని అడుగుతారు."

టెక్కలిలో తెలిసిన వకీలును అడిగాను. జనం నడిచే దారి జారుతుందని తెలిసీ వదిలేస్తే, నేల యజమానిగా బాధ్యత నా మీదికి రావచ్చన్నాడు. "మీకు తెలుసా?" అని అడిగాడు. నేను మాట మార్చాను.

బస్సులో వస్తూ ఒక్కొక్కరినీ అనుమానించాను. భర్త నన్నెందుకు తప్పిస్తున్నాడు? ఎలుగు డబ్బు అందాక నా గుమ్మం కూడా తొక్కుతాడా? బావమరిదికి నా మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి?

ఫారెస్టు మనిషి విచారణకు వచ్చిన రోజు నేనూ పల్లెకు వెళ్లాను. ఆమె కట్టు కట్టిన కాలు చాపుకొని అరుగు మీద కూర్చుంది. భర్త ఎలుగు కథ మొదలుపెట్టగానే అడ్డుకుంది.

"నాను ఎలుగుని సూడ్లేదు బాబూ. పండు మీద కాలేసినాను."

"నోర్ముయ్యే. నీ కాలు బాగవ్వాలా, వద్దా?" అన్నాడు భర్త.

"ఎలుగని రాయిత్తే దారి కట్టేత్తారు. సుట్టూ తిరిగెల్లేసరికి ఆటో ఎల్లిపోద్ది. అప్పుడు సేపలు నువ్వమ్ముతావేటి?" నా వైపు తిరిగింది. "ఈ బాబుకి తెలవదా? బామ్మర్ది సేత కంచె తీగ దింపించినారు కదా."

ఆ తీగ సంగతి నాకు నిజంగా తెలియదు. చెప్పినా ఆమె నమ్మేలా లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మను. ఎలుగు పేరు చెప్పి దారికి అడ్డంగా కంచె వేస్తే ఊళ్లో ఎవరూ కాదనరు. బావమరిది మట్టి ఎందుకు తోశాడో అప్పుడర్థమైంది.

ఫారెస్టు మనిషి నన్ను చూశాడు. ఎలుగు అనేస్తే నేను బాధ్యత నుంచి బయటపడతాను.

"పండే. గీత నేను చూశాను," అన్నాను.

పలాస ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. దారి రోజూ ఊడ్పిస్తున్నాను. బావమరిది మాట్లాడ్డం మానేశాడు.

వానలు పడ్డాక ఆమె మళ్లీ గంపెత్తుకుంది. తోట మొదట్లో ఆగి, కర్రతో నేల పొడిచి చూసి గానీ అడుగు వేయదు.

"ఊడ్పించాం కదమ్మా," అన్నాను.

"కనబడతంది బాబూ," అని మళ్లీ పొడిచింది.

పక్క తోట పాకలో తీగ చుట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. వెళ్తూ ఆమె అటొకసారి చూస్తుంది. ఆమె వెళ్లాక నేనూ చూస్తాను.