కంప్యూటర్‌కెక్కిన కాలు

షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండ్లకు గద్వాలలోని ఒక దవాఖానలో కొత్త మందు పరీక్షిస్తున్నారని ఆ ఏడాది విన్నాను. నా కుడికాలి పుండు ఆరు నెలలుగా మానడం లేదు. ఒకప్పుడు వైద్యులే మా ఇంటికి వచ్చేవారు. ఇప్పుడు నేనే వెళ్లి, మా అమరచింత నేతగాడి పక్కన బెంచీ మీద కూర్చున్నాను. అతనిదీ అదే జబ్బు.

"ఏం మందు వాడుతున్నరు?" అని నర్సు మొదట అతన్ని అడిగింది.

"మందేడిదమ్మా! ఉత్త పసుపు పెడుతున్న."

నేను పెడుతున్నదీ పసుపే. అతని ముందు ఆ మాట నోట రాలేదు. "హైదరాబాద్ పెద్ద డాక్టరు మందు" అన్నాను.

"అయితే మిమ్మల్ని తీసుకోరు సార్. వేరే మందు వాడేటోళ్లకు ఇది ఇయ్యరు."

అబద్ధమాడానని అక్కడే ఒప్పుకోవచ్చు. ఒప్పుకోలేదు. నిటారుగా లేచి వచ్చేశాను.

ఆ తర్వాత ప్రతి సోమవారం అతను గద్వాల బస్సెక్కడం మా అరుగు మీది నుంచి చూసేవాణ్ణి. డాక్టరు అతని కాలిని ఫొటో తీసి, పుండు ఎంత తగ్గిందో కంప్యూటర్‌లో కొలిచి చూపేవాడట. మా తాతల ఫొటోలు గోడ మీద వెలిసిపోతుంటే, మగ్గం తొక్కే కాలికి ఇంత వైభవమా అని కుళ్లిపోయాను.

మూడు నెలల తర్వాత వాళ్లింటి ముందు నుంచి వెళ్తుంటే, అతను నన్ను పిలిచి, మగ్గం గుంటలోంచి కాలు పైకి తీసి చూపించాడు.

"మానింది పటేలా! మీకేంది, పట్నం మందాయె. మీది ఎప్పుడో మాని ఉంటది."

"ఎప్పుడో" అన్నాను, పంచెను ఇంకాస్త కిందికి లాక్కుంటూ.