గాలి మళ్ళేదాకా

మొన్న సాయంత్రం తెనాలిలో మా వీధిలోంచి పెళ్ళి ఊరేగింపు వెళుతుంటే ఎవరో తారాజువ్వ వెలిగించారు. అది సుయ్‌మని లేచి, వంకర తిరిగి, ఎదురింటి డాబా మీద పడింది. అందరూ పకపకా నవ్వారు. నాకు మాత్రం ఆ మందు వాసనకి నవ్వు రాలేదు. సువార్త మేడమ్ గుర్తొచ్చారు.

ఆవిడ బాపట్లలో మా ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్, మా డిపార్ట్‌మెంటుకి హెడ్. లూథరన్ పాస్టరుగారి అమ్మాయి. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్న విద్య ఆవిడ నేర్పిందే. మధ్యలో దారి మార్చే ఏర్పాటేమీ లేని రాకెట్టు ఎలా ఎగురుతుందో, ఎక్కడ పడుతుందో ముందుగానే లెక్కగట్టడం. ఒకసారి వదిలాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. తోసే బలం, బరువు, గాలి అడ్డు అన్నీ సమీకరణాల్లో పెట్టి, గాలివేగం కాస్త కాస్త మారుస్తూ కంప్యూటర్లో మళ్ళీ మళ్ళీ ఎగరేసేవాళ్ళం. ఎగరేసినప్పుడల్లా మ్యాపు మీద ఒక చుక్క. నేను గొప్పగా తీసుకెళ్ళి చూపిస్తే, "బాగానే ఉంది గానీ, ఈ చివరి చుక్క ఎవరి నెత్తిన పడుతుందే?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. చుక్కలన్నీ సముద్రంలో ఉంటే ఈవిడకి గట్టు మీద చుక్కే కనిపిస్తుందేంటి అని తిట్టుకునేదాన్ని.

చివరి ఏడాది మేం చేసిన రాకెట్టును సముద్రపొడ్డున ఎగరేయడానికి ఒక్క రోజుకి అనుమతి వచ్చింది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక వదలాలన్నది మా ఏర్పాటు. కానీ ముఖ్య అతిథిగారికి తెనాలిలో ఇంకో సభ ఉందట, పొద్దున్నే కానిచ్చేయమన్నారు. చూడ్డానికి రేపల్లె నుంచి బస్సు నిండా వచ్చిన బడిపిల్లలు వెనక సరుగుడు తోటలో కూర్చున్నారు. అప్పుడు గాలి నేల మీంచి సముద్రంలోకి గట్టిగా కొడుతోంది. నేను ఆ గాలిని కొలిచి ల్యాప్‌టాప్‌లో వేశాను. కొన్ని చుక్కలు వెనక్కి జరిగి సరుగుడు తోట మీదికి వచ్చాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తాను.

ప్రిన్సిపాల్‌గారికి చూపిస్తే నవ్వేశారు. ఆయనది జంపని దగ్గర వ్యవసాయ కుటుంబం. "ఏంటమ్మా మీరు! గాలి సముద్రంలోకే పోతుంటేనూ! వడ్లు తూర్పారబడితే పొల్లు ఎటుపోద్ది? గాలివాటునే పోద్ది కదా. మనకింకా మంచిదేగా!" చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. అందరూ కళ్ళాల్లో పెరిగినవాళ్ళే మరి.

"పొల్లుకి తోక దగ్గర రెక్కలుండవండి," అన్నారు మేడమ్. "లేచేటప్పుడు గాలి ఆ రెక్కల్ని నెడుతుంది. తోక అటు జరిగితే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. అంటే పిల్లల వైపు. ఇంజను ఇక అటే తోస్తుంది సార్."

"కచ్చితంగా అక్కడే పడుద్దా?"

మేడమ్ నా వైపు చూశారు. "చెప్పు పద్మా. లెక్క నీది."

"కచ్చితంగా కాదండి. పడొచ్చు, పడకపోవచ్చు. ఎక్కువ చుక్కలు నీళ్ళలోనే ఉన్నాయి," అన్నాను.

"మరింకేంటి! కానివ్వండి."

పిల్లల్ని పక్కకి జరుపుదామంటే ఒకవైపు జాలర్ల ఇళ్ళు, రెండోవైపు రోడ్డు. చుక్కలు అక్కడా ఉన్నాయి. మేడమ్ వెళ్ళి రాకెట్టు వెలిగించే స్విచ్చి పెట్టె నుంచి వైరు పీకి, చుట్టచుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. "గాలి మళ్ళేదాకా ఇవ్వనండి."

"రేపట్నుంచి మీరు హెడ్‌గా ఉండరు, తెలుసా?"

"సరేనండి."

అతిథిగారి కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. మేడమ్ ప్లాస్టిక్ కుర్చీలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి ఎక్కింది. గాలి పడిపోయింది, మళ్ళీ రాలేదు. ఈ రోజంతా ఇలాగే పోతే మా ఏడాది కష్టం బూడిదే అని నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. చివరికి సముద్రం వైపునుంచి చల్లగాలి మొదలైంది. మళ్ళీ లెక్క వేశాను. నేల మీద ఒక్క చుక్కా లేదు. వైరు బిగించి వదిలాం. రాకెట్టు ముక్కు సముద్రం వైపు తిప్పుకుని వెళ్ళి, దూరంగా నీళ్ళలో పడింది. పిల్లలు కేకలు, చప్పట్లు.

"చూశారా! సముద్రంలోనే పడుద్దని నేను చెప్పలా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

తిరుగు బస్సులో నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "మన లెక్క నిజమని ఎవరికీ తెలీలేదు మేడమ్."

"పిచ్చిదానా, అది తెలియాలంటే ఆ పిల్లలు అక్కడ కూర్చుని ఉండగా పొద్దున్నే వదిలి ఉండాలి కదే. లెక్క తప్పే కావాలని పొద్దుట్నుంచీ ప్రార్థన చేసుకుంటున్నాను," అన్నారు.

అన్నట్టే ఆవిడ హెడ్ పదవి పోయింది. స్టాఫ్ రూములో 'పిరికి మేడమ్' అని పేరు పడింది. పోయినేడాది ఆవిడ కన్నుమూశాక భూస్థాపనకి వెళితే అక్కడ కూడా ఒకాయన, "ఆ రోజు ఊరికే కంగారుపడ్డారు పాపం," అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. ఏం చెప్పి కొట్టను? నా దగ్గర రుజువేముంది? ఇప్పుడు నా ఉద్యోగంలోనూ నేను ప్రయోగం ఆపమన్నప్పుడల్లా, "ఏం జరిగేదట?" అని అడుగుతారు. తెలీదంటాను. సంతకం మాత్రం పెట్టను.

రేపల్లె వెళ్ళినప్పుడు బజారులో కాసేపు ఊరికే నిలబడతాను. ఆ పిల్లలకి ఈపాటికి పెళ్ళిళ్ళయి ఉంటాయి. చంకలో బిడ్డతో కూరలు బేరమాడే అమ్మాయి ఎవరైనా కనిపిస్తే, ఆ రోజు తోటలో ఈమె ఉందేమో అనిపించి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. వాళ్ళకెవరికీ మేడమ్ పేరు తెలీదు. తెలియాల్సిన రోజు ఆవిడ రానివ్వలేదు.