గుమస్తాగారి రివాల్వర్

1964 జూన్ 14, ఆదివారం సాయంత్రం. నాంపల్లిలో మా అద్దె ఇంటి వరండా. ఉన్నవారు: నేను, నా భార్య, పక్క వాటాలోని గుమస్తాగారు, ఆయన భార్య.

గుమస్తాగారు ఉస్మాన్‌గంజ్‌లో ఒక టోకు దుకాణంలో పనిచేసేవారు. దుకాణం సొమ్మును రోజూ ఆబిడ్స్‌లోని బ్యాంకుకు నడిచి తీసుకెళ్లాలి. ఆ వారం ఇద్దరు మనుషులు రెండుసార్లు ఆయన వెంటబడ్డారు. ఆ సంగతి చెబితే, రివాల్వర్ లైసెన్సు తీసుకొమ్మన్నాడట దుకాణం యజమాని సేఠ్.

"ఖర్చు ఆయన పెట్టుకుంటాడా?" అన్నాను.

"ఏడ పెడ్తడు సార్? లైసెన్సు నీ పేరు మీదుంటది, ఖర్చు గూడ నీదే అన్నడు. ఫీజు కట్టాలె, ఆఫీసుల చుట్టు తిరగాలె. ఇగ రివాల్వర్ కొనాల్నంటే ఇల్లే అమ్మాలె."

"కిరాయి ఇల్లు ఎట్ల అమ్ముతరు?" అంది ఆయన భార్య. అందరం నవ్వాం, ఆమె తప్ప.

సొమ్ము సేఠ్‌ది, ప్రాణం ఈయనది. ఆ ప్రాణాన్ని కాపాడుకునే ఖర్చు మాత్రం గుమస్తా జీతంలోంచే రావాలి. అంత జీతం ఉన్నవాడు వీధిలో సంచి మోస్తూ ఎందుకు నడుస్తాడని చాలాసేపు ఆలోచించాను.

మర్నాడు పొద్దున ఆయన పనికి బయలుదేరుతుంటే షేర్వానీ కింద నడుము దగ్గర ఏదో ఎత్తుగా కనిపించింది. కంగారుపడి ఏమిటని అడిగాను. గుండీ విప్పి చూపించారు. భార్య తన పాన్ డబ్బాను గుడ్డతో గట్టిగా ఆయన నడుముకు కట్టింది.

"మీకు కనవడ్డదా సార్? అయితే ఆ ఇద్దరికి గూడ కనవడ్తది," అని గుండీ పెట్టుకుని వెళ్లారు.